బోర్డు డిక్కీలో పడుతుందా?

రాత్రి బస్సెక్కి సముద్రానికి వెళ్ళి, సర్ఫింగ్ (పొడుగాటి బోర్డు మీద నిలబడి అలల మీద జారే ఆట) చేసి వచ్చే మిత్రబృందాల నుంచి ఈసారి ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి నలుగురు అడిగిన చోట ఒకే ప్రశ్నగా కలిపాం.

మేం నలుగురం. విజయవాడలో రాత్రి బస్సెక్కి చెన్నై దగ్గరి కోవళం వెళ్ళాలని ఉంది. ఇద్దరి దగ్గర సొంత బోర్డులున్నాయి. ఒకటి ఆరడుగులది, ఇంకొకటి ఏడున్నర అడుగులది. ఏ బస్సు ఎక్కితే మంచిది? కండక్టరు ఎక్కనిస్తాడా?
– ఒక పాఠకుడు, గుంటూరు

ఏడున్నర అడుగుల బోర్డు కూడా ఐదారు కిలోలకు మించి తూగదు కాబట్టి బరువు గురించి ఎవరూ అడ్డు చెప్పరు. పేచీ అంతా పొడవుతోనే. మన దేశంలో బస్సు వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. డిక్కీ తలుపులు, రేకుల మందం పోగా లోపల అడ్డంగా దొరికేది సుమారు 2.3 నుంచి 2.4 మీటర్లు. ఆరడుగుల బోర్డు 183 సెంటీమీటర్లు కాబట్టి సంచీతో సహా హాయిగా పడుతుంది. ఏడున్నర అడుగులంటే 229 సెంటీమీటర్లు. సంచీ మందం ఇంకో పది కలిపితే అడ్డంగా పెట్టినప్పుడు తలుపు మూసుకోదు, ఐమూలగా పెట్టాలి. డిక్కీ ఖాళీగా ఉన్నప్పుడే ఆ పని జరుగుతుంది. అంటే బస్సు బయల్దేరే స్టేషన్‌లోనే, అందరికంటే ముందు ఎక్కించాలి. విజయవాడ నెహ్రూ బస్‌స్టేషన్‌లోనే బయల్దేరే సర్వీసు చూసుకోండి. హైదరాబాదు నుంచో, విశాఖ నుంచో వచ్చి మధ్యలో ఆగే బస్సయితే డిక్కీ అప్పటికే సూట్‌కేసులతో నిండి ఉంటుంది.

బస్సు రకం కూడా ముఖ్యమే. అమరావతి, గరుడ ప్లస్ లాంటి బస్సులకు ఇంజిన్ వెనక ఉంటుంది, కింద నడిమి భాగమంతా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తెరిపిగా ఉంటుంది. మామూలు లారీ ఛాసిస్ మీద కట్టిన సూపర్ లగ్జరీ లాంటి వాటికి కింద మధ్యలో రెండు ఇనుప దూలాలు పోతాయి. అందుకే పక్క డిక్కీలు లోతు తక్కువ పెట్టెల్లా ఉంటాయి, బోర్డు అడ్డంగా దూరదు. వెనక డిక్కీ ఉంటే ఆరడుగులది పడుతుంది, ఏడున్నర అడుగులది కష్టం. తొమ్మిది అడుగుల లాంగ్‌బోర్డు (274 సెంటీమీటర్లు) అయితే పొడుగ్గానే పడుకోబెట్టాలి. డిక్కీ గదుల మధ్య అడ్డుకమ్మీలు లేని బస్సు దొరికితేనే అది సాధ్యం. దాన్ని నమ్ముకుని టికెట్లు కొనకండి.

కండక్టరును అడిగేటప్పుడు ‘సర్ఫ్‌బోర్డు’ అంటే అదేమిటో అర్థం కాక వద్దనే అవకాశం ఎక్కువ. ‘ఏడున్నర అడుగుల పొడవు, ఆరు కిలోల బరువు, గట్టి వస్తువు కాదు, పైన బరువు పెట్టకూడదు’ అని చెప్పండి. లగేజీ టికెట్ కొట్టమని మీరే అడగండి. టికెట్ ఉన్న సామానును దారిలో దింపమని ఎవరూ అనలేరు. ప్రైవేటు ట్రావెల్స్‌లో కథ వేరు. వాళ్ళకు డిక్కీలో పార్సిళ్ళ ఆదాయం ఉంటుంది. బుక్ చేసే ముందే బోర్డింగ్ పాయింట్‌కు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. సీటు బుక్ చేశాక అడిగితే ‘చూద్దాంలే సార్’ అంటారు, ఆ మాటకు అర్థం మీకు తెలిసిందే.

ఆరడుగుల బోర్డునైతే డిక్కీ అడుగున కాకుండా మిగతా సామాను మీద బోర్లా పెట్టించండి. అలా వీలు కాకపోతే లోపలి గోడకు ఆనించి అంచు మీద నిలబెట్టి తాడుతో కట్టండి. భోజనానికి ఆగిన చోట ఒకరు దిగి ఒకసారి చూసి రావాలి. తర్వాతి స్టాపులో ఎక్కిన బియ్యం బస్తా దాని మీద కూర్చుని ఉండొచ్చు.

అసలు బోర్డు మోసుకెళ్ళడం అవసరమా? అక్కడ అద్దెకు దొరకవా?
– నెల్లూరు

కోవళం, మహాబలిపురం, పుదుచ్చేరి, కేరళలోని వర్కల, మంగళూరు దగ్గరి ముల్కి, అన్నిచోట్లా దొరుకుతాయి. నేర్చుకునే వాళ్ళకైతే ఇంటి నుంచి ఏమీ తీసుకెళ్ళక్కర్లేదు. మొదటి పాఠాలన్నీ ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డుల మీదే, అవి శిక్షణ కేంద్రాల్లోనే ఉంటాయి. నీళ్ళలో మూడు రోజుల కంటే తక్కువ గడిపే ప్రయాణానికి సొంత బోర్డు మోయడం మాకైతే దండగే అనిపిస్తుంది. అద్దెకు సులువుగా దొరకనిది చిన్న బోర్డు. ఆరడుగులకు అటూ ఇటూ ఉన్న బోర్డు మీద అలవాటు పడ్డవాళ్ళు మాత్రం తమది తాము తెచ్చుకోవచ్చు. అదృష్టవశాత్తూ డిక్కీలో పట్టేది కూడా అదే.

ఒంగోలు నుంచి చెన్నై వెళ్ళే బస్సు మాధవరంలో దింపుతుందట. కోవళం బస్సులు కిలాంబాక్కంలో ఉంటాయని ఒకరు, కోయంబేడులో ఉంటాయని ఇంకొకరు అంటున్నారు. ఎవరిమాట నిజం?
– ఒంగోలు

చెన్నై బస్ స్టేషన్లు దిక్కుకొకటిగా విడిపోయాక అందరికీ ఈ తికమక వస్తోంది. ఆంధ్ర, తెలంగాణ వైపు బస్సులకు 2018 నుంచి నగరానికి ఉత్తరాన మాధవరం బస్ స్టేషన్ ఉంది. తిరుచ్చి, మదురై లాంటి దక్షిణాది ఊళ్ళ బస్సుల కోసం 2023 డిసెంబరు 30న వండలూరు దగ్గర కిలాంబాక్కం తెరిచారు. మీరు వెళ్ళాల్సిన కోవళం ఆ దారిలో లేదు, సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉంది. కాబట్టి బోర్డులతో కిలాంబాక్కం దాకా వెళ్ళడం నగరాన్ని చుట్టి రావడమే అవుతుంది.

ముందు మీ టికెట్ మీద దిగే చోటు చదవండి. కొన్ని సర్వీసులు మాధవరం దాటి నగరం లోపలికీ వెళ్తాయి. బోర్డు లేకపోతే సిటీ బస్సులు మారుతూ తిరువాన్మియూరు చేరి, అక్కడ ఈస్ట్ కోస్ట్ రోడ్డు బస్సు పట్టుకోవచ్చు. బోర్డులుంటే సిటీ బస్సు మాట మరచిపోండి. ఉదయం ఏడు దాటితే నిలబడడానికే చోటుండదు. నలుగురూ కలిసి పైన క్యారియర్ ఉన్న ట్యాక్సీ మాట్లాడుకోవడమో, టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీలో బోర్డులు వేసి వెనక మీరు వెళ్ళడమో మేలు. ఆటోలో ఏడున్నర అడుగుల బోర్డు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది. పోలీసులు ఊరుకున్నా పక్కన పోయే బస్సు ఊరుకోదు.

కోవళం చెన్నైకి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సు దిగాక ఊళ్ళోకి, అక్కడి నుంచి బీచికి ఇంకా నడవాలి. మహాబలిపురానికీ అంతే. పుదుచ్చేరి వెళ్ళే బస్సులు చాలావరకు ఊరి బయట బైపాస్‌లో దింపి పోతాయి.

మేము ఐదుగురం దోస్తులం. దీపావళి సెలవులకు పోదామనుకుంటున్నం. చెన్నై వైపా, మంగళూరు వైపా? అలలు ఎట్లుంటయో ముందే తెలుసుకునే దారుందా?
– హైదరాబాద్

దీపావళి నాటికి తమిళనాడు తీరంలో ఈశాన్య రుతుపవనాల కాలం మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుఫాన్లు మామూలే. బాగా అనుభవం ఉన్నవాళ్ళు వాటి వెనక వచ్చే అలల కోసం ఎదురుచూస్తారు గానీ, ఐదుగురు కలిసి సెలవు పెట్టి, ముందే టికెట్లు కొని వెళ్ళే ప్రయాణానికి ఆ కాలం పనికిరాదు. పడమటి తీరంలో అప్పటికి నైరుతి రుతుపవనాలు తగ్గి, సముద్రం నెమ్మదించి ఉంటుంది. ముల్కి, గోకర్ణ, వర్కలలలో నేర్చుకునే వాళ్ళకు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. మా ఓటు ముల్కికే.

తూర్పు తీరానికి మార్చి నుంచి సెప్టెంబరు దాకా వెళ్ళండి. వేసవిలోనూ, నైరుతి రుతుపవనాల్లోనూ తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, అల ముఖం నున్నగా ఉంటుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగి నీళ్ళు చిందరవందరగా తయారవుతాయి. అందుకే చెన్నై వైపు ఉదయం పది తర్వాత చేరే బస్సు వల్ల ఆ రోజు అలలు పోయినట్టే లెక్క. మొదటి రోజు ఎలాగూ నిద్రకే పోతుంది, కానీ ఆ సంగతి తెలిసి టికెట్ కొనాలి.

అలల సమాచారం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. దేశం మొత్తానికి సముద్ర స్థితిని అంచనా వేసి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మీ హైదరాబాదులో ప్రగతినగర్‌లోనే ఉంది. వాళ్ళ అంచనాల్లో అల ఎత్తు ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు అన్న అంకె కూడా చూడండి. ఎత్తు ఒకటే మీటరైనా, 7 సెకన్లకు ఒకటి వచ్చే అల కంటే 14 సెకన్లకు ఒకటి వచ్చే అలలో శక్తి సుమారు రెట్టింపు ఉంటుంది. ఈ దీర్ఘకాలపు అలలు దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో రేగిన గాలివానల్లో పుట్టి, రోజుల తరబడి ప్రయాణించి మన తీరం చేరతాయి. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, నీళ్ళు మాత్రం మీదికి దూసుకొస్తాయి. కేరళలో దీన్ని కళ్ళక్కడల్ అంటారు, ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజు నేర్చుకునే వాళ్ళు గట్టు మీదే ఉండాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి నీళ్ళలో సందడి తక్కువ. మిగతా కాలంలో తెల్లవారే వేళ పడవలు ఒడ్డు చేరుతుంటాయి. వాటి దారికి అడ్డం పోవద్దు. అల మీద వస్తున్న పడవకు పక్కకు తిప్పుకునే వీలుండదు.

బెంగళూరు నుంచి ముల్కి ఎలా వెళ్ళాలి? ఘాట్ రోడ్డులో మాలో ఒకమ్మాయికి వాంతులవుతాయి. మాత్ర వేసుకుంటే చాలా?
– అనంతపురం

బెంగళూరు మెజెస్టిక్ నుంచి మంగళూరు రాత్రి బస్సు ఎక్కండి. 350 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు పడుతుంది. మంగళూరులో ఆర్టీసీ బస్ స్టేషన్ బిజై అనే చోట ఉంది. ఉడుపి వైపు వెళ్ళే ప్రైవేటు బస్సులు మాత్రం స్టేట్‌బ్యాంక్ బస్టాండ్ నుంచి బయల్దేరతాయి. రెండిటికీ మధ్య ఆటోలో వెళ్ళాలి. ఉడుపి బస్సు ఎక్కితే 30 కిలోమీటర్ల లోపే ముల్కి. భారత దేశంలో సర్ఫింగ్ శిక్షణ ఒక పద్ధతిగా మొదలైన చోట్లలో ఇదొకటి, 2000ల మొదటి నుంచే ఇక్కడ నేర్పుతున్నారు. దగ్గర్లోని ససిహిత్లు బీచిలో పోటీలు జరుగుతాయి. అవి జరిగే మే చివరి, జూన్ మొదటి రోజుల్లో సముద్రం చూడ్డానికి వెళ్ళండి, దిగడానికి కాదు.

ఇక వాంతుల సంగతి. సకలేశపుర దాటాక గుండ్య దాకా శిరాడి ఘాట్ వంపులు ఉంటాయి. రాత్రి బస్సు ఆ ఘాట్‌ను అర్ధరాత్రి తర్వాతే దాటుతుంది కాబట్టి, ఆ లోపల నిద్రపట్టిందా బతికిపోతారు. స్లీపర్‌లో పై బెర్తు వద్దు. పైకి వెళ్ళేకొద్దీ ఊగుడు ఎక్కువ. కింద బెర్తు, రెండు జతల చక్రాల మధ్య ఉన్నది తీసుకోండి. సీట్ల బస్సయితే ముందు నుంచి మూడు, నాలుగు వరసలు మేలు. వెనక వరస అయితే వాంతులు లేనివాళ్ళకు కూడా వస్తాయి. ఫోన్ చూడకూడదు. భోజనం మానేయడం తప్పు, ఖాళీ కడుపు మీద తిప్పడం ఎక్కువవుతుంది. రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో తిని ఎక్కాలి.

మాత్ర ప్రయాణానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే వస్తుంది. మందుల షాపులో ‘వాంతుల మాత్ర’ అని అడిగితే చాలాసార్లు ఒండాన్‌సెట్రాన్ ఇస్తారు. అది జ్వరాల వాంతులకు పనికొస్తుంది గానీ ప్రయాణపు వాంతులకు పెద్దగా పనిచేయదు. దీనికి వాడేది ప్రోమెథజైన్ జాతి మందు, అవోమిన్ పేరుతో దొరికేది అదే. ఇతర మందులు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్నడిగి తీరాలి. ఆ మందు మత్తు మర్నాడు ఉదయం దాకా ఉంటుంది. రాత్రి పదింటికి మాత్ర వేసుకుని పొద్దున ఏడింటికి బోర్డు పట్టుకోవడం ప్రమాదం. ఆ అమ్మాయిని మధ్యాహ్నం దాకా నీళ్ళలోకి దింపకండి. మందూ, మద్యం రెండూ కలిస్తే ఇంకా చెడ్డది.

వానాకాలంలో శిరాడిలో కొండచరియలు విరిగి దారి మూసేస్తుంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తిరుగు ప్రయాణం మర్నాడే ఆఫీసుకు వెళ్ళేలా పెట్టుకోకండి.

బోర్డును ప్యాక్ చేయడం ఎలా? సంచీ కొనాలంటే బోర్డంత ధర చెబుతున్నారు.
– కాకినాడ

ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ ఉన్న మామూలు సంచీ చాలు, మిగతాది ఊళ్ళో దొరికే సరుకుతో చేసుకోవచ్చు. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టం ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. రెండు మీటర్ల ముక్కలు రెండు కొని, పొడుగునా ఒక పక్క చీల్చి, బోర్డు రెండు అంచులకూ తొడిగి టేపు వేయండి. దెబ్బలు తగిలేది ముక్కుకు, తోకకు, అంచులకు. ముక్కుకు, తోకకు అట్టముక్క మడిచి పెట్టి పైన తువ్వాలు చుట్టండి. తువ్వాలు ఎలాగూ తీసుకెళ్తారు.

బోర్డు అడుగున తోక దగ్గరుండే రెక్కల్లాంటి ఫిన్‌లు తీసేయాలి. తగిలించి ఉంచితే ఒక్క సూట్‌కేసు ఒత్తిడికి ఫిన్‌తో పాటు బోర్డులోని గూడు కూడా ఊడి వస్తుంది. ఆ రిపేరు పెద్దది. చాలా ఫిన్‌ల స్క్రూలకు 3/32 అంగుళాల అలెన్ కీ కావాలి. మన సైకిల్ షాపుల్లో మిల్లీమీటర్ల కీలే ఉంటాయి, అవి సరిగ్గా కూర్చోక స్క్రూ తల అరిగిపోతుంది. కాబట్టి కీలు రెండు ఉంచుకోండి, ఒకటి ఫిన్‌ల సంచీలో, ఒకటి ఇంకొకరి పర్సులో. స్క్రూలు కూడా నాలుగు అదనంగా ఉండాలి.

కాలు జారకుండా బోర్డు మీద రుద్దిన మైనం గీకేసి బయల్దేరండి. పాత ఏటీఎం కార్డు చాలు. వేసవిలో డిక్కీ లోపల వేడికి మైనం కరిగి సంచీకంతా అంటుకుంటుంది, తర్వాత ఆ సంచీలో పెట్టిన ప్రతిదానికీ అంటుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు వేడినీళ్ళ సముద్రాలకని రాసి ఉన్న గట్టి మైనమే అడగండి. చలి నీళ్ళ మైనం మన తీరంలో నెయ్యిలా కరుగుతుంది. వెనక ఇంజిన్ ఉన్న బస్సులో డిక్కీ చివరి గది వేడిగా ఉంటుంది, ముందు గదిలో పెట్టించండి. తెల్లటి థర్మోకోల్ లాంటి ఫోమ్‌తో చేసిన ఎపాక్సీ బోర్డులకు ఈ వేడి మరీ పడదు. లోపలి గాలి వ్యాకోచించి పై పొర ఉబ్బి ఊడుతుంది.

కాలికి కట్టే తాడు బోర్డంత పొడవుండాలి, దాన్ని బోర్డుకు బిగించి చుట్టి పెట్టకండి. అలా చుట్టిన తాడు మెలికలు తిరిగి అలాగే ఉండిపోతుంది. విప్పి వదులుగా చుట్టి వేరేగా పెట్టండి.

దారిలో బోర్డుకు చిన్న పగులు వచ్చింది. నీళ్ళలోకి దిగొచ్చా? రిపేరు సామాను వెంట తీసుకెళ్ళాలా?
– విశాఖపట్నం

పగులు మీద పెదవి పెట్టి పీల్చి చూడండి. గాలి వస్తే నీళ్ళూ పోతాయి, దిగకూడదు. రాకపోతే పైపొర గీతే కాబట్టి గట్టి టేపు వేసి ఆ రోజు గడపొచ్చు. టేపు వేసే చోట మైనం, ఉప్పు పోయేలా సర్జికల్ స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే రెండో అలకే ఊడుతుంది.

నీళ్ళు పోయిన బోర్డయితే పగులు కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. తడి లోపల ఉండగా మూసేస్తే, ఎండలో అది ఆవిరై పక్కన ఇంకో చోట పొంగుతుంది. ఆరాక, ఎండలో గట్టిపడే రెసిన్ ట్యూబు అన్నిటికంటే సులువు. 80 నంబరు శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, నీడలోనే రెసిన్ పూసి, పైన పారదర్శక పొర అతికించి, అప్పుడు ఎండలో పెట్టండి. మంచి ఎండలో ఐదు నిమిషాల్లో బిగుస్తుంది. తర్వాత 220 నంబరుతో నున్నగా రుద్దండి. ఒక జాగ్రత్త: మామూలు పాలిఎస్టర్ రెసిన్ థర్మోకోల్ జాతి ఫోమ్‌ను కరిగించి తినేస్తుంది. ఎపాక్సీ బోర్డుకు ఎపాక్సీ రెసినే వాడాలి. ఏ బోర్డో తెలియకపోతే ఎం-సీల్ వాడండి, అది ఎపాక్సీయే. రెండు ముద్దలూ సమానంగా తీసుకుని రంగు ఏకమయ్యేదాకా పిసికి పెట్టండి. ఊళ్ళో రిపేరు చేసేవాడు తర్వాత దాన్ని గీకలేక తిట్టుకుంటాడు గానీ, మీ మూడు రోజులు గడుస్తాయి.

బస్సులో తీసుకెళ్ళాల్సింది ఇంతే: చిన్న ట్యూబు, శాండ్‌పేపర్ రెండు ముక్కలు, టేపు, ఎం-సీల్. డబ్బా రెసిన్, దానిలో కలిపే గట్టిపరిచే ద్రవం, అసిటోన్, థిన్నర్ ఇవేవీ బస్సులోకి రాకూడదు. క్యాంపింగ్ గ్యాస్ డబ్బా కూడా అంతే. ఇవి నిప్పంటుకునే సరుకులు, బస్సులో మంట పుడితే ఏమవుతుందో కింది జవాబులో చూడండి.

కర్నూలు దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత ఇంట్లో స్లీపర్ బస్సు వద్దంటున్నారు. వాళ్ళను ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

ఒప్పించడం మా పని కాదమ్మా, వాళ్ళ భయానికి కారణముంది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న మీ కర్నూలు దగ్గరి చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సులో 19 మంది ప్రయాణికులు పోయారు. రెండూ అందరూ నిద్రపోతున్న వేళలోనే జరిగాయి. మంటలు అంటుకున్న బస్సులో దొరికేది నిమిషాలు మాత్రమే, అందుకే చేయాల్సిన పనులన్నీ బస్సు కదలకముందే చేయాలి.

ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో చూడండి. దాని హ్యాండిల్ ఎటు తిరుగుతుందో క్లీనరును అడగండి. దాని ముందు బెర్తు బిగించి ఉంటే ఆ బస్సు దిగేయడమే మంచిది. పైకప్పులో తెరుచుకునే మూతలుంటాయి, అవి కూడా చూసుకోండి. అద్దం పగలగొట్టే సుత్తి దాని చోట ఉందా లేదా చూడండి. పక్క అద్దాన్ని మధ్యలో కాకుండా మూలలో కొట్టాలి, అప్పుడే మొత్తం పొడిపొడి అవుతుంది. ముందు అద్దం రెండు పొరలది, అది అలా పగలదు, దాని వైపు పరుగెత్తకండి. చెప్పులు, ఫోను చేతికందే చోట పెట్టుకుని పడుకోండి.

సర్ఫింగ్ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటి. డిక్కీ నిండిపోతే ‘లోపల నడవలో పెట్టండి సార్’ అని క్లీనరు అంటాడు. ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు. పొగలో, చీకట్లో నలభై మంది బయటికి రావలసిన దారి అది. పవర్‌బ్యాంకులు, డ్రోన్ బ్యాటరీలు డిక్కీలో వేయకుండా చేతిసంచీలో ఉంచుకోండి. వేడెక్కితే కనీసం మీకు తెలుస్తుంది.

సీట్ల బస్సులో తప్పించుకోవడం స్లీపర్ కంటే సులువు. విజయవాడ నుంచి చెన్నై లాంటి ఎనిమిది, తొమ్మిది గంటల దారికి వెనక్కి వాలే సీటు సరిపోతుంది, ఇంట్లో వాళ్ళకూ నెమ్మది.

ఆడా మగా కలిసి ఆరుగురం. యాప్‌లో పక్కపక్క సీట్లు ఇవ్వడం లేదు.
– తిరుపతి

విడివిడిగా కొంటున్నారు కాబట్టి. ఒక మహిళ పేరున సీటు బుక్కయితే పక్క సీటును చాలా సంస్థలు మహిళలకే ఉంచేస్తాయి. ఆరు సీట్లూ ఒకే బుకింగులో కొంటే ఆ అడ్డు రాదు. ఒకరే డబ్బు కట్టి తర్వాత పంచుకోండి. భోజనం హోటల్ దగ్గర దిగినప్పుడు బస్సు నంబరు ప్లేటు ఫొటో ప్రతి ఒక్కరి ఫోన్‌లో ఉండాలి. ఒకే సంస్థవి ఒకే రంగు బస్సులు నాలుగు నిలబడి ఉంటాయి.

వీపు సంచీ ఎంతది కొనాలి?
– వరంగల్

నాలుగైదు రోజులకు 40 లీటర్లది. అరవై లీటర్లది కొంటే నింపుతారు. సీటు పైన అరలో మెత్తటి 20, 25 లీటర్ల సంచీకి మించి పట్టదు, 40 లీటర్లది డిక్కీలోకే. స్లీపర్‌లో అర ఉండదు, సంచీ కాళ్ళ దగ్గరే. ఆరడుగుల బెర్తులో మీకు ఐదున్నరే మిగులుతుంది, పొడుగువాళ్ళు చూసుకోండి.

రాజమండ్రి నుంచి మాకు దగ్గర విశాఖే. రుషికొండలో సొంతంగా నేర్చుకోవచ్చా?
– రాజమహేంద్రవరం

సొంతంగా వద్దు. శిక్షకుడితో అయితే రుషికొండ బాగుంటుంది. ద్వారకా బస్ స్టేషన్‌లో దిగి, బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కితే చాలు. విశాఖ తీరంలో ఇసుక వాలు నిటారుగా ఉంటుంది, ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. ఆర్కే బీచిలో ఏటా జరిగే ప్రమాదాలు మీకు తెలిసినవే.

ఆ ప్రవాహాన్ని ఒడ్డు మీద నుంచే గుర్తుపట్టొచ్చు. దిగేముందు పది నిమిషాలు ఎత్తున నిలబడి చూడండి. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం విరగకుండా నిశ్శబ్దంగా, ఇసుక రంగులో ఉండి, నురగ సముద్రం వైపు జరుగుతుంటే అదే. కొత్తవాళ్ళు ‘ఇక్కడ అలలు లేవు, సులువు’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కితే బోర్డును వదలకండి, మిమ్మల్ని తేల్చేది అదే. దాని మీద బోర్లా పడుకుని, ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు చేతులతో తెడ్డు వేయండి. అక్కడి నురగే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. కొట్టుకుపోతున్నట్టనిపిస్తే ఒక చెయ్యి పైకెత్తి ఊపండి. గట్టు మీద ఎప్పుడూ ఒకరుండాలి, నలుగురూ ఒకేసారి దిగకూడదు.

తిరుగు బస్సులో తడి బట్టల వాసనకు పక్కవాళ్ళు గొడవ పెట్టారు. ఏం చేయాలి?
– మచిలీపట్నం

బస్సు సాయంత్రానికైతే ఉదయం పదిన్నరకే నీళ్ళలోంచి బయటికి రండి. బట్టలు, కాలితాడు, సంచీ జిప్పులు మంచినీళ్ళతో కడిగి ఎండలో వేస్తే నాలుగు గంటలకల్లా ఆరతాయి. ఉప్పునీటితోనే మడిచిపెట్టిన బట్ట ఎంత ఆరినా బస్సులో మళ్ళీ చెమ్మ పీల్చుకుంటుంది, వాసన అక్కడి నుంచే వస్తుంది. ఆరనివి ఏమైనా మిగిలితే గట్టి ప్లాస్టిక్ సంచీలో మూతి బిగించి డిక్కీలో వేయండి, ఇంటికెళ్ళగానే తీయండి. జిప్పుల పళ్ళకు కాస్త కొవ్వొత్తి రుద్దితే తుప్పు పట్టి బిగుసుకోవు. బోర్డు సంచీలోని ఇసుక బస్ స్టేషన్‌లో కాదు, బీచిలోనే దులపండి.